మామ్మ కథ గురించి, పర్లాకిమిడి నుంచి

అమ్మాయీ,

నీ కథ చదివాను. గుణుపురం మామ్మ పింఛను కోసం వెళ్ళిన చోట గట్టిగా నవ్వేశాను. వేలిముద్ర మిషను ఆమెని ఒప్పుకోదు, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా మిషను దగ్గరి కుర్రాడు మిషన్నే నమ్ముతాడు. ఇది కల్పన కాదని మన ఊళ్ళవాళ్ళందరికీ తెలుసు, ఏళ్ళ తరబడి అంట్లు తోమి, జీడిపిక్కలు కొట్టిన వేళ్ళకి గీతలు అరిగిపోతాయి. అంత మంచి చోటు దొరికాక ఏం చేశావు? ఆమెకి చెవుడు తెచ్చిపెట్టి, కట్టుడు పళ్ళు ఊడగొట్టి నవ్వించబోయావు. నాకు నచ్చలేదు.

నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకో. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉంది కదా, విధవ, నలుగురికీ వండిపెట్టి బతికే మనిషి, లోకం లెక్కలో లేనిది. ఆవిడ చీపురుకట్ట పట్టుకుని వచ్చేసరికి అంత ఇంగ్లీషు దంచే గిరీశం మంచం కింద దూరాడు. మనం నవ్వేది గిరీశాన్ని చూసి.

ఇంకో సంగతి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినా ఇళ్ళల్లో తెలుగు పోలేదు, మన మామ్మలకి తెలుగూ ఒడియా రెండూ వచ్చు, కొందరికి సవర భాష కూడా. కౌంటర్లో గుమస్తాలు "ఈ ముసలిదానికేం తెలుస్తుందిలే" అనుకుని ఒడియాలో తమ గుట్టంతా మాట్లాడేసుకుంటారు. ఆమె అన్నీ వింటుంది. లెక్కచేయని మనిషి ముందే అందరూ నోరు జారతారు కాబట్టి ఊరి రహస్యాలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి, వాటిని ఎప్పుడు, ఎవరి ముందు, ఎంత నెమ్మదిగా బయటపెడుతుందో రాయి, నీ హాస్యం అక్కడుంది.

ఆమెకో కోరిక కూడా పెట్టు. మనవడి పెళ్ళీ, కొడుకు ఉద్యోగమూ కాదు, అచ్చంగా తనది. నౌపడా మీదుగా రైల్లో బరంపురం వెళ్ళి, పింఛను డబ్బుతో ఎర్ర పట్టుచీర కొనుక్కోవాలి, కొడుకుని అడక్కుండా. ఈ వయసులో ఎరుపేమిటని కోడలు అననీ. 2020 మార్చి దాకా 58 దాటిన ఆడవాళ్ళకి రైల్లో సగం టికెట్టు ఉండేది, ఆ తర్వాత ఆపేశారు. ఆ సగం కోసం మామ్మ టికెట్టు బాబుతో వేసుకునే వాదన చదవాలని నాకు చాలా ఆశగా ఉంది.

చివర్లో ఆమెని చంపేసి ఊరందరినీ ఏడిపించావు. ఆ పేజీ తీసెయ్యి. బతికుండగానే పట్టించుకోనీ వాళ్ళని.

తిరగరాసి పంపు, చీర బేరం మాత్రం పూర్తిగా రాయి, కుదించకు.