పాలకూ కునుకుకూ మధ్య తొలి ముద్ద ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న: మా పాపకు ఆరు నెలలు నిండి పది రోజులైంది. ఇప్పటిదాకా తల్లిపాలే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు కునుకులు తీస్తుంది. వారం నుంచి అన్నం గుజ్జు పెట్టాలని చూస్తున్నాను. పాలకు ముందు పెడితే గుక్కపట్టి ఏడుస్తుంది. పాలయ్యాక పెడితే నాలుకతో బయటికి తోసేసి నిద్రలోకి జారుకుంటుంది. నెలన్నరలో తిరిగి ఉద్యోగంలో చేరాలి. ఏ వేళకు పెట్టాలి, ఎంత పెట్టాలి?

జవాబు: మీ పాపకు ఇబ్బంది తిండితో కాదు, వేళతో. బాగా ఆకలి మీదున్న బిడ్డకు తెలిసింది పాలొక్కటే. చెంచాతో కొద్దికొద్దిగా వచ్చేది కూడా ఆకలి తీరుస్తుందని ఇంకా తెలియదు, అందుకే ఆ ఏడుపు. పాలతో పొట్ట నిండగానే పెడితే ఎలాగూ నిద్రే. పాలు తాగిన ముప్పావుగంట, గంట తర్వాత, మళ్లీ కునుకు పట్టడానికి కనీసం అరగంట ముందు ఒక సమయం దొరుకుతుంది. అప్పుడు పాప హుషారుగా ఉంటుంది, కాస్త ఆకలీ ఉంటుంది. ముద్దకు సరైన వేళ అదే.

పాప ఆరున్నరకు లేస్తుందనుకుందాం. లేవగానే పాలు. ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదటి కునుకు. లేచాక పది గంటలకు పాలు, పదిముప్పావుకు మొదటి తిండి. పన్నెండున్నరకు మళ్లీ నిద్ర. గడియారం అటూఇటూ అయినా ఫర్వాలేదు, పాలు, ముద్ద, కునుకు అనే వరస మాత్రం తప్పకూడదు. వారం పది రోజులు ఈ ఒక్క పూటే పెట్టండి. అది అలవాటయ్యాక మధ్యాహ్నం కునుకు, పాలు అయ్యాక నాలుగున్నర, ఐదు మధ్య రెండో పూట కలపండి. తొమ్మిది నెలలు నిండేదాకా రోజుకు రెండు మూడుసార్లు, ఆ తర్వాత మూడు నాలుగుసార్లు సరిపోతుంది.

కొత్త పదార్థం ఏదైనా పొద్దుటి పూటే పెట్టండి. ఒంటికి పడకపోతే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు ఎక్కువగా రెండు గంటల్లోపే కనిపిస్తాయి. రాత్రి నిద్రలో జరిగితే మీకు తెలియదు. గుడ్డు, వేరుశనగ లాంటివి భయపడి వాయిదా వేయనక్కర్లేదు. గుడ్డును గట్టిగా ఉడికించి, వేరుశనగను పలుకుల్లేకుండా మెత్తగా నూరి గుజ్జులో కలిపి, ఒక్కోటి వేర్వేరు రోజుల్లో అర చెంచాతో మొదలుపెట్టండి. పాపకు తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురద పెట్టే సమస్య) ఉన్నా, ఇంతకుముందు ఏదైనా పడకపోయినా ముందు మీ పిల్లల డాక్టర్‌ను అడగండి.

ఇక పరిమాణం. మొదటి రోజుల్లో రెండు మూడు టీ స్పూన్లు చాలు. పది రోజుల్లో అవి రెండు మూడు టేబుల్ స్పూన్లవుతాయి. ఎనిమిదో నెల నాటికి 250 మిల్లీలీటర్ల కప్పులో సగం దాకా తినవచ్చు. అయితే ఎంత పెట్టారన్న దానికన్నా ఎంత చిక్కగా పెట్టారన్నది ముఖ్యం. ఎక్కువమంది తల్లులు పొరపడేది ఇక్కడే. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో 65 కేలరీలకు పైగా ఉంటాయి, నీళ్లలా జారే జావలో అంతకూడా ఉండవు. అది పొట్ట నింపి పాలకు చోటు లేకుండా చేస్తుంది, బరువు మాత్రం పెరగనివ్వదు. గుజ్జును చెంచాలో తీసుకుని పక్కకు వంచి చూడండి. వెంటనే కారిపోతే పల్చన. చెంచాను అంటిపెట్టుకుని, నెమ్మదిగా ముద్దలా జారితే సరిగ్గా ఉన్నట్టు. పల్చబరచాల్సి వస్తే నీళ్లకు బదులు మీ పాలే కలపండి. అర టీ స్పూను నూనె గానీ వెన్న గానీ కలిపితే పరిమాణం పెరగకుండానే బలం పెరుగుతుంది.

అన్నం గుజ్జు ఒక్కదానితో ఆగిపోవద్దు. పుట్టుకతో ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఆరు నెలలకు తరిగిపోతుంది, తల్లిపాలలో ఉండేది చాలా తక్కువ. బాగా ఉడికించి మెదిపిన పప్పు, గుడ్డు, మెత్తగా చేసిన మాంసం మొదటి నెలలోనే రావాలి. పప్పులో నాలుగు నిమ్మచుక్కలు పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార వద్దు. తేనె చుక్కైనా నాకించకండి, అందులో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేస్తుంది.

పెట్టే పద్ధతి కూడా చెబుతాను. పాపను నిటారుగా కూర్చోబెట్టి, ముఖం మీకు ఎదురుగా ఉండేలా చూసుకోండి. చెంచాను కింది పెదవి మీద ఆనించి ఆగండి. నోరు తనే తెరవాలి, పైపెదవి తనే మూయాలి. పైచిగురుకు రాసి తోసేస్తే మింగడం నేర్చుకోదు. సగం బయటికి రావడం మామూలే, ఇన్నాళ్లూ పాలు చీకిన నాలుకకు తెలిసిన కదలిక అది. ముఖం తిప్పేసినా, నోరు బిగించినా ఆ పూటకు ఆపేయండి. పావుగంట, ఇరవై నిమిషాలు మించనివ్వద్దు. ఒకరోజు ఉమ్మేసిన కూరగాయను ఇష్టం లేదని పక్కన పెట్టేయకండి, కొన్ని రుచులు ఎనిమిది పదిసార్లు పెడితే గానీ ఒప్పుకోరు.

డోకు వచ్చినట్టు శబ్దం చేసి, ముఖం ఎర్రబడి, దగ్గి బయటికి తెస్తే కంగారు పడొద్దు, అది రక్షణ. చప్పుడు లేకుండా ఊపిరాడక, దగ్గలేక, రంగు మారితే మాత్రం గొంతులో అడ్డుపడినట్టే. వెంటనే తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి భుజాల మధ్య అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి గట్టి భాగంతో) 5 సార్లు గట్టిగా చరచాలి, రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. మారుస్తూ కొనసాగిస్తూ అంబులెన్స్‌కు ఫోన్ చేయించాలి. కనిపించనిదాన్ని వేలితో వెతక్కండి, ఇంకా లోపలికి పోతుంది.

ముద్దలు మొదలయ్యాక విరేచనం గట్టిపడవచ్చు. తిండితోపాటు కప్పుతో రెండు మూడు గుక్కల కాచి చల్లార్చిన నీళ్లు తాగించండి, పండు గుజ్జు కలపండి. గిన్నెలో మిగిలిన ఎంగిలి గుజ్జు మళ్లీ పెట్టొద్దు. అందుకే వండింది మొత్తం ఒకే గిన్నెలోకి తీయకుండా కొంచెం కొంచెంగా వడ్డించండి.

ఉద్యోగంలో చేరాక పదిముప్పావు పూట పాపను చూసుకునేవాళ్ల చేతికి వస్తుంది. కనీసం వారం ముందు నుంచే మీరు పక్కనుండి వాళ్లతో పెట్టించండి, చెంచా వంచి చూసే పరీక్ష నేర్పండి. మీరు లేని వేళకు పిండిన పాలు కప్పుతో పట్టవచ్చు. సాయంత్రం ఇంటికి రాగానే ముద్ద కలపడానికి తొందరపడొద్దు. పాప ముందు మీ పాలకే వెతుక్కుంటుంది, పట్టండి, ముప్పావుగంట ఆగి తిండి పెట్టండి. పాప అలసిపోయి ఉంటే ఆ పూట మానేసినా నష్టం లేదు, ఈ వయసులో ప్రధాన ఆహారం ఇంకా పాలే. మూడు నాలుగు వారాలైనా ఏ వేళకూ నోరు తెరవకపోయినా, పాలు కూడా తగ్గించినా, బరువు పెరగడం ఆగినా గ్రోత్ చార్ట్ తీసుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాప నెలలు నిండకుండా పుట్టి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, వయసు లెక్క కాన్పు కావాల్సిన తేదీ నుంచి చూడాల్సి ఉంటుంది.