కరోనా నాటి చదువు లోటు పేద పిల్లల్లో పూడిందా? ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి సమాధానం

కరోనా కాలంలో బడులు మూసినందువల్ల పేద పిల్లలు కోల్పోయిన చదువు ఈపాటికి పూడిపోయి ఉండాలి కదా, ఇంకా దాని గురించి మాట్లాడవలసిన అవసరం ఏముందని మీరు అడిగారు. నేను జోగులాంబ గద్వాల జిల్లాలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పనిచేస్తున్నాను. నేను చూసినంతలో ఆ లోటు పూడలేదు; పిల్లలతోపాటే పై తరగతులకు వెళ్లిపోయింది.

తెలంగాణలో 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి గానీ, అవి మూడో తరగతి నుంచి పదో తరగతి వరకే. అంటే అక్షరాలు నేర్చుకునే దశలో ఉన్న ఒకటి, రెండు తరగతుల పిల్లలకు టీవీ పాఠం కూడా లేదు. ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులున్న పిల్లలు ఆ దశను ఎలాగో దాటేశారు. మా వైపు పరిస్థితి వేరు. వానాకాలంలో విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనులు నడుస్తాయి: సాయంత్రం మొగ్గల్లో కేసరాలు గిల్లేసి, మర్నాడు పొద్దున్నే మగ పూల పుప్పొడిని అద్దాలి. సన్నటి వేళ్లు కావాలని ఆ పనికి పిల్లలను తీసుకుపోవడం ఇక్కడ పాత అలవాటు. బడి నడిచే రోజుల్లోనే ఆ నెలల్లో హాజరు పలచబడేది. బడే లేనప్పుడు పిల్లలను చేనుకు పంపవద్దని చెప్పడానికి మా దగ్గర సాకు కూడా లేకుండా పోయింది. ఇంటికి ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ తండ్రితోపాటు పనికి వెళ్లి, రాత్రికి డేటా అయిపోయాక తిరిగి వచ్చేది.

ప్రాథమిక తరగతులు 2021 సెప్టెంబర్‌లో తెరుచుకునేసరికి, 2020లో ఒకటో తరగతి మధ్యలో ఆగిపోయిన పిల్లలు పరీక్ష లేకుండానే మూడో తరగతిలోకి వచ్చి కూర్చున్నారు. వారిలో ఒకడు పుస్తకం తెరిచి గడగడా చదివేవాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వేలు ఒక వరుస మీద, నోరు మరో వరుస మీద ఉండేవి. పక్కవాళ్లు చదువుతుంటే విని పాఠం మొత్తం కంఠస్థం చేశాడన్నమాట. అదే పాఠంలోని 'చెట్టు' అనే మాటను బోర్డు మీద విడిగా రాస్తే, 'చ' దగ్గరే ఆగి నా ముఖం వైపు చూసేవాడు. ఎత్వం తెలియదు, టవత్తు తెలియదు. తెలివి మాత్రం ఉందని ఆ కంఠస్థమే చెబుతోంది కదా!

అది మా ఒక్క బడి సంగతి కాదు. తెలంగాణ గ్రామాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 18.1 శాతం ఉంటే, 2022లో 5.2 శాతానికి పడిపోయారని, గ్రామీణ పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే నివేదిక తెలిపింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 22.6 నుంచి 10.3 శాతానికి తగ్గింది. దేశవ్యాప్తంగా గ్రామాల్లో మూడో తరగతి అంకె 2022 నాటి 20.5 నుంచి 2024 నాటికి 27.1 శాతానికి లేచింది కాబట్టి అంతా కోలుకున్నామని చాలామంది అనుకుంటున్నారు. అయితే 2024లో మూడో తరగతిలో ఉన్నవారు మూసివేత రోజుల్లో ఇంకా ఒకటో తరగతిలో చేరని పిల్లలు. దెబ్బ తిన్నవారు అప్పటికే పైకి వెళ్లిపోయారు, ఆ అంకెలో వారు లేరు.

ఇక ఏం చేయవచ్చన్నది. తెలంగాణలో 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతులకు మొదలైన ప్రభుత్వ కార్యక్రమం 'తొలిమెట్టు' ఆలోచన సరైనదే: తరగతిని బట్టి కాక, బిడ్డ ఎక్కడ ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మా బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులను పొద్దున ఒక గంటన్నర పాటు కలిపేసి, అక్షరాల వాళ్లు, గుణింతాల వాళ్లు, ఒత్తుల వాళ్లు, ధారాళంగా చదివేవాళ్లు అని కూర్చోబెట్టాం. ఐదో తరగతి పిల్లవాడు మూడో తరగతి వాళ్ల పక్కన కూర్చోవడానికి మొదట సిగ్గుపడతాడు. వాడికి చిన్నవాళ్ల పలకలు దిద్దే పని అప్పగిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఇది బడివేళల్లోనే జరగాలి. సాయంత్రం అదనపు తరగతి పెడితే దానికి ఆగేది ఎలాగూ బాగా చదివేవాళ్లే. ఎవరికోసం పెట్టామో వాళ్లు తమ్ముళ్లను చూసుకోవడానికో చేనుకో వెళ్లిపోతారు. సిలబస్ వెనకబడుతుందన్న భయం మాకూ ఉండేది, నిజంగా కొంత వెనకబడింది కూడా. 2022-23లోనే ఇంగ్లీషు మీడియం రావడంతో తెలుగే కూడబలుక్కోలేని పిల్లలకు భారం రెట్టింపైంది. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకంలో మేము ముందు తెలుగు పేజీనే పట్టుకున్నాం. చదవడం ఒక భాషలో వస్తే రెండో భాషకు దారి దొరుకుతుందని నా అభిప్రాయం. కాదనే మిత్రులూ ఉన్నారు.

మూసివేత నాటికి ఒకటో తరగతిలో ఉన్న పిల్లలకు 2025-26 ఏడో తరగతి. హైస్కూల్లో సబ్జెక్టు ఉపాధ్యాయులు గుణింతాలు నేర్పించే పని తమది అనుకోరు, అందుకు వారికి శిక్షణా లేదు, పీరియడూ లేదు. మీరు ఏదైనా హైస్కూలుతో కలిసి పనిచేసే ఆలోచనలో ఉంటే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఒక పేరా చదివించండి. ఆగిపోయిన వారి కోసం టైంటేబుల్లోనే రోజుకు ఒక పీరియడు ఇప్పించమని ప్రధానోపాధ్యాయుడిని అడగండి. ట్యాబ్‌లు, నోటుపుస్తకాల విరాళం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.