పుట్టింట్లో ఉంటే ఖర్చే ఉండదా? కోర్టులో నెల లెక్క నిలబడాలంటే

విజయనగరం నుంచి ఒక సోదరి అడిగారు, కొంచెం కుదించి పెడుతున్నాను: "విడాకులై రెండేళ్లయింది. పాప నాలుగో క్లాసు. అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాం, ట్యూషన్లు చెప్తే నెలకి 8,000 వస్తాయి, అది కోర్టుకిచ్చిన అఫిడవిట్‌లో (ప్రమాణపత్రంలో) రాయలేదు. మెయింటెనెన్స్ (భరణం) కేసులో నెల ఖర్చు 34,000 అని వేశాం. ఆయన కౌంటర్లో, అంటే కోర్టుకిచ్చిన జవాబులో, పుట్టింట్లో ఉంటోంది, అద్దె లేదు, తిండి వాళ్ళే పెడతారు, ఇద్దరికీ 12,000 మించదు అన్నారు. ఇప్పుడు ఏం చూపించాలి?"

అమ్మా, మీ లిస్టూ ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటూ పక్కపక్కన పెట్టుకుని చూశాను, ఉన్నది ఉన్నట్టు చెప్తాను బాధపడకండి, మీ 34,000 నిలబడదు. కానీ ఆయన 12,000 అస్సలు నిలబడదు, అది మీ లెక్కతోనే చూపిస్తాను, దానికి ముందు మీ లెక్క శుభ్రం కావాలి.

మొదట మీ లిస్టులో వేసిన అద్దె 6,000. మీరు అమ్మగారికి అద్దె ఇవ్వట్లేదు, స్టేట్‌మెంటులో ఒక్క నెల కూడా లేదు. "మీ నాన్న ఇంటికి అద్దె రాసుకోడమేటే" అని అమ్మగారే అన్నారని మీరే రాశారు కదా, రేపు అవతలి వకీలు అదే ప్రశ్న అమ్మగారిని అడిగితే ఆవిడ ఏం చెప్తారు? ఆ ఒక్క లైను అబద్ధమని తేలితే స్కూలు ఫీజు రసీదుని కూడా అనుమానంగా చూస్తారు, నాకు భయం అదే. కాబట్టి ఇప్పుడు పెడుతున్న ఖర్చులో అద్దె సున్నా. పాపతో వేరే ఇంట్లో ఉండాలంటే మీ పేటలో రెండు గదుల పోర్షన్ ఎంతుందో అది వేరే లైనుగా, "విడిగా ఉంటే అయ్యేది" అని రాయండి. అది న్యాయమైన కోరికే, పెళ్లయ్యాక మీరు ఎలాంటి ఇంట్లో బతికారన్నది కూడా కోర్టు చూస్తుంది.

కిరాణా 9,000, పాలూ కూరలూ 5,000 అన్నారు, అది నలుగురి వంట. మీ ఇద్దరి వాటా సగం అంటే 7,000. కరెంటు బిల్లు 1,500 నాన్నగారి పేరు మీద ఉంది, మీది 750. గ్యాస్ నెలకో సిలిండర్ అని 950 వేశారు కానీ బుకింగ్ హిస్టరీ చూస్తే 45 రోజులకొకటి వస్తోంది, అంటే నెలకి 630 చిల్లర, మీ సగం 320. మందులు 2,000 రాశారు, ఆరు నెలల మెడికల్ షాపు చెల్లింపులు కలిపితే 7,200, నెలకి 1,200. బట్టలు నెలకి 2,500 అంటే ఏడాదికి 30,000, కానీ సంక్రాంతికీ పైడితల్లి అమ్మవారి పండక్కీ పాప పుట్టినరోజుకీ కొన్నవి కలిపి 14,400, అంటే నెలకి 1,200.

ఇంక మీరు మర్చిపోయినవి చూడండి, వీటికే నాకు మనసు చివుక్కుమంది. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కలిపి 9,600 కట్టారు, అది లిస్టులోనే లేదు, నెలకి 800 పడుతుంది. పాప హెల్త్ ఇన్సూరెన్స్ ఏడాదికి 6,000, నెలకి 500, అదీ లేదు. ఎప్పుడో ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ఎవరికీ గుర్తుండవు, అందుకే ఒక నెల చూసి రాయకూడదు, పన్నెండు నెలలు కలిపి పన్నెండుతో భాగించాలి.

స్కూలు ఫీజు 4,000, ఆటో 1,200, ఫోనూ నెట్టూ 850, చిల్లర 1,000 మీరు రాసినట్టే ఉంచాను. మొత్తం 18,820 వచ్చింది. విడిగా ఉంటే, మీరు రాసిన 6,000 అద్దెనే పట్టుకుంటే, 24,820.

ఇప్పుడు ఆయన 12,000 తీసుకోండి. ఫీజు, పుస్తకాలు, ఆటో ఈ మూడే 6,000. మిగతా 6,000లో ఇద్దరి తిండి, మందులు, బట్టలు, కరెంటు, గ్యాస్, ఫోను అన్నీ అయిపోవాలి, ఏ ఇంట్లో అవుతాయి? పుట్టింటివాళ్ళు అన్నం పెడుతున్నారన్నంత మాత్రాన ఆయన బాధ్యత తీరిపోదు, పాప బాధ్యత అసలే తీరిపోదు.

ట్యూషన్ సంగతి చెప్పేయండి, తప్పకుండా. పిల్లల తల్లిదండ్రులు ఫోన్‌పేలో వేసినవి ప్రతి నెలా 5వ తారీఖు లోపు మీ ఖాతాలో కనిపిస్తూనే ఉన్నాయి, దాస్తే దొరికిపోతారు. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులూ అప్పులూ ఆదాయాలూ అఫిడవిట్ మీద చెప్పాలంది, భార్య సంపాదిస్తోందన్న కారణంతోనే మెయింటెనెన్స్ కాదనకూడదు అని కూడా అదే తీర్పులో ఉంది. 8,000తో మీ హక్కు పోదు, దాస్తే మాత్రం మీ మాట విలువ పోతుంది. పాత అఫిడవిట్‌ని మీరే దిద్దకండి, వకీలుతో మాట్లాడి కారణం చెప్తూ అదనపు అఫిడవిట్ వేయించండి, వాళ్ళు ఎత్తిచూపకముందే. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత సాయం ఉంది.

బిల్లుల విషయంలో ఒక మాట. ఒకావిడ నా దగ్గరికి కిరాణా బిల్లులు తెచ్చారు, ఆరు నెలలవి, అన్నీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, నెంబర్లు 41 నుంచి 46 దాకా వరసగా. షాపాయన మంచితనంతో ఒకే రోజు రాసిచ్చాడు. అలాంటివి వద్దమ్మా. మీ వీధి కొట్లో ఖాతా పుస్తకం ఉంది కదా, నూనె మరకలున్నా సరే ఆ పేజీలే ఫోటో తీసుకోండి, ఆ మరకలే సాక్ష్యం.

ఆయన జీతం స్లిప్పు కూడా కోర్టు ద్వారా అడిగించండి. చేతికొచ్చేది తక్కువ కనిపిస్తే కోతలు ఏమిటో లైను లైనుగా చూడండి. పన్ను, తప్పనిసరి పీఎఫ్ సంగతి వేరు, ఆయన ఇష్టంతో తీసుకున్న లోను, చీటీ, అదనంగా పీఎఫ్‌లో దాచుకునేది వేరు, రెండోవాటిని చూపించి పాప ఫీజు తగ్గించమంటే ఒప్పుకోనక్కర్లేదు. అయితే వాళ్ళ అమ్మగారికి నిజంగా మందులు కొంటున్నారంటే అది కాదనకండి, ఆయన మీద ఆధారపడ్డవాళ్ళని కోర్టు ఎలాగూ లెక్కలోకి తీసుకుంటుంది.

మెయింటెనెన్స్ పిటిషన్ వేసిన తేదీ నుంచి ఇవ్వాలని కూడా పైన చెప్పిన ఆ సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది, కాబట్టి పిటిషన్ వేసిన నెల దగ్గర్నుంచి ఒక నోట్‌బుక్ పెట్టండి. పాలవాడి కార్డులు గోడకి మేకుకి గుచ్చి ఉన్నాయన్నారు, అవి చించకండి, సీరియల్‌గా తీసి వచ్చే వాయిదాకి పట్టుకెళ్ళండి.