సిగ్నల్ అందని ఫోనుకు నష్టపరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గరి పల్లె. మిర్చి రైతుని. నాలుగు నెలలుగా ఇంట్లో సిగ్నల్ నిలవడం లేదు. ఏనుమాముల మార్కెట్ నుంచి అడ్తిదారు ధర చెబుదామని చేస్తే ఫోను కలవదు. డాబా ఎక్కితే గాని బ్యాంకు ఓటీపీ రాదు. కస్టమర్ కేర్ వాళ్లు ఫోను ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు, కాసేపటికి ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తుంది. కేసు వేయవచ్చా? సిగ్నల్ పెంచే బూస్టర్ యంత్రం పెట్టుకోమని ఒక దుకాణదారు అంటున్నారు, పెట్టుకోవచ్చా?

జవాబు: కేసు వేయవచ్చు. 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూపించి టెలిఫోను ఫిర్యాదులను చాలా ఏళ్లు వినియోగదారుల కోర్టుల గుమ్మంలోనే తిప్పి పంపేవారు. ఆ అడ్డంకి తొలగిపోయింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవల జాబితాలో టెలికాంను పేరు పెట్టి చేర్చింది. ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారం వినియోగదారుల కమిషన్లకు ఉందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీరు చెల్లించింది రీచార్జి లాంటి చిన్న మొత్తమే కాబట్టి ఫిర్యాదుకు రుసుము ఉండదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు.

నా దిగులంతా సాక్ష్యం గురించే. ఇన్నిసార్లు ఫోను చేశానన్నారు గాని ఒక్క ఫిర్యాదు నంబరూ రాయలేదు. నంబరు లేని ఫిర్యాదు అసలు రానే లేదని కంపెనీ అంటుంది. ఈ రోజే కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేసి, మీ ఫిర్యాదు నంబరు చెప్పేదాకా ఫోను పెట్టవద్దు. పరిష్కారమైందని మెసేజ్ వస్తే, కాలేదని అదే రోజు మళ్లీ నమోదు చేయించండి. ఆ మెసేజ్‌ను చెరిపేయకండి, మీకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఫిర్యాదు పరిష్కారానికి ఉన్న గడువులోగా బాగుచేయకపోతే, గడువు ముగిసిన 30 రోజుల్లోపు ఆ కంపెనీ అప్పీలు అధికారికి ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు.

వాళ్లు చెప్పిన చిట్కాలు విసుగనిపించినా ఒకసారి చేసి చూడండి. మీ సిమ్‌ను ఇంకొకరి ఫోనులో వేసి అదే గదిలో పరీక్షించండి. లేకపోతే లోపం మీ ఫోనుదేనని కంపెనీ వాదిస్తుంది. తమ నెట్‌వర్క్ ఎక్కడెక్కడ అందుతుందో చూపే పటాన్ని కంపెనీలు వెబ్‌సైట్‌లో ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. మీ ఊరి మీద ఆ పటం 4జీ రంగు చూపిస్తే, దాన్నీ, మీ ఇంట్లో సిగ్నల్ గీతలు లేని ఫోను తెరనూ తేదీతో సహా ఫొటో తీసి దాచండి. ఉందని చెప్పి అమ్మిన సేవ లేదని ఆ రెండూ కలిపి చూపిస్తాయి. మీ కేసుకు వెన్నెముక అదే. మీరు నేరుగా ట్రాయ్‌కి రాసినా ప్రయోజనం ఉండదు, వ్యక్తిగత ఫిర్యాదులను ఆ సంస్థ పరిష్కరించదు.

బూస్టర్ జోలికి వెళ్లకండి. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. పైగా చుట్టుపక్కల వాళ్ల సిగ్నల్ కూడా దెబ్బతింటుంది, తప్పు మీ మీదికి వస్తుంది.

రీచార్జి డబ్బు వాపసు, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగండి. మిర్చి ధరలో పోయిన సొమ్ము మాత్రం, ఆ ఫోను అందకపోవడం వల్లే పోయిందని రుజువు చేయగలిగితేనే కోరండి.

వేరే నెట్‌వర్క్‌కు మారినా జరిగిన నష్టానికి మీ హక్కు పోదు. సాక్ష్యాలు సేకరించాక, పక్కింటి వాళ్లకు ఏ నెట్‌వర్క్ అందుతోందో చూసి మారండి. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి.