పెసరచేను గట్టు మీద ఎగిరినవి రెండు

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. పెసరచేను గట్టు మీద "రూపాయి బిళ్ళంత కూడా లేని బుల్లి నీలి సీతాకోకచిలుక, వెనకరెక్క అంచున నారింజ చుక్కలు" అని రాశావు. వాక్యం అందంగా ఉంది, కానీ అలాంటిది ఆ గట్టు మీద ఎగరదు. రెండింటిని చూసి ఒకటిగా కలిపేశావు. నీలం ఒకదానిది, బుల్లి ఒళ్ళు ఇంకొకదానిది. నారింజ చుక్కలు రెండింటికీ ఉంటాయి కాబట్టి అక్కడ పొరబడ్డావు.

బుల్లిది గ్రాస్ జ్యువెల్. రెక్కలు పూర్తిగా చాపినా 15 నుంచి 22 మిల్లీమీటర్లే. ఆడదైనా మగదైనా పైవైపు మట్టిరంగు, నీలం ఉండదు. రెక్కలు మూసినప్పుడు దాని అందం చూడాలి. బూడిద కలిసిన గోధుమరంగు మీద తెల్ల అంచున్న మచ్చలు, వెనకరెక్క చివర వరసగా నల్లచుక్కలు, వాటికి టోపీ పెట్టినట్టు నారింజ వంపు. ఎండ వాలుగా పడితే ఆ నల్లచుక్కల్లో నెమలికంఠం రంగు మెరుస్తుంది.

నీలిది గ్రామ్ బ్లూ. రెక్కలు చాపితే మామూలుగా 25 మిల్లీమీటర్లకు తగ్గదు. మగదానికి పైన ఊదా కలిసిన నీలం, ఆడది గోధుమరంగు, రెక్కల మొదట్లో మాత్రం కాస్త నీలం. నారింజ టోపీ చుక్కలు రెండే, పక్కన వెంట్రుకంత తోక. దీని గొంగళిపురుగు పెసర, మినుము, అలసందల పూత, కాయ తింటుంది కాబట్టి అది నీ గట్టు మీద ఉండటంలో వింత లేదు. తోక ఒక్కదాన్నే నమ్ముకోకు. పిట్టో తొండో ఆ తోకను తల అనుకుని లాగేస్తుంది, తోక తెగినవి చాలా కనిపిస్తాయి. పరిమాణం, చుక్కల లెక్క, పైరంగు మూడూ కలిస్తేనే పేరు రాయి. అసలు నారింజే కనిపించకపోతే అది టైనీ గ్రాస్ బ్లూ అనే ఇంకో బుల్లి సీతాకోకచిలుక లాంటి మరేదో అయివుంటుంది.

గ్రాస్ జ్యువెల్ కోసం మోకాలెత్తు గడ్డిలో తిరగకు. పశువులు మేసిన బీడు, చెరువుకట్ట ఎండవాలు, చీలమండ దాటని గడ్డి ఉన్నచోటు చూడు. వానలు పడ్డాక, ఆగస్టు నుంచి నవంబరు దాకా వెతకడం తేలిక. నీలిమందు జాతిలో నేలబారుగా పాకే మొక్కలుంటాయి, చిక్కుడు పూవు ఆకారంలో చిన్న ఎర్రపూలు పూస్తాయి. అవి కనిపిస్తే పక్కనే కూర్చో. తిరిగేవాళ్ళకంటే కూర్చున్నవాళ్ళకే ఇది దొరుకుతుంది, ఎందుకంటే నేలకు జానెడెత్తులోనే ఎగిరి, మళ్ళీ అక్కడక్కడే వాలుతుంది. కొమ్మ మీద ఒకేచోట చీమలు మూగి ఉంటే అక్కడ ఆకు తిప్పి చూడు. గొంగళిపురుగు వీపు నుంచి వచ్చే తీపి రసం కోసం చీమలు దాన్ని వదలవు.

పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల వేళ సీతాకోకచిలుక ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికి రెక్కలు విప్పుతుంది, అప్పుడు పైవైపు ఫోటో తీసుకో. ఎండ ముదిరాక మూసేస్తుంది, అప్పుడు అడుగువైపు. రెండూ కావాలి. ఫోన్లో మాక్రో పెట్టి రెండంగుళాల దగ్గరికి తోస్తే ఎగిరిపోతుంది. చేతి దూరం నుంచి జూమ్‌లో ఒకటి ముందు తీసుకుని, తర్వాత మోచేతులు నేలకానించి కొంచెం కొంచెంగా జరుగు. నీ నీడ దాని మీద పడనివ్వకు. ఫోన్ తెర రెక్కకు సమాంతరంగా ఉండాలి, ఏటవాలుగా తీస్తే సగం చుక్కలు మసకబారతాయి, చుక్కలు లెక్కపెట్టలేని ఫోటో పేరు తేల్చడానికి పనికిరాదు.

అది ఎగిరిపోయాక, అదే ఆకు మీద రూపాయి బిళ్ళ పెట్టి అంతే దూరం నుంచి ఇంకో ఫోటో తియ్యి. 2011 తర్వాతి బిళ్ళ అడ్డం దాదాపు 22 మిల్లీమీటర్లు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే కొలత తేలిపోతుంది. "బుల్లి" అన్న మాటకు ఆధారం అదీ. ఫోటో చూసి జీవుల పేరు సూచించే ఐనాచురలిస్ట్ యాప్ చెప్పిన పేరును మాత్రం తీర్పులా తీసుకోకు, చుక్కలతో సరిచూసుకో.

గ్రాస్ జ్యువెల్‌లో మన దేశంలో రెండు జాతులున్నాయి, ట్రోకిలస్, పుత్లీ. పుత్లీకి ఆ పేరు 1844లో కొల్లార్ అనే కీటకశాస్త్రజ్ఞుడు పెట్టాడు. హిందీలో పుత్లీ అంటే బొమ్మ. రెండూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, కాబట్టి పైవైపు, అడుగువైపు స్పష్టమైన ఫోటోలు లేనప్పుడు గ్రాస్ జ్యువెల్ అని ఆపెయ్యి. అది తప్పు కాదు, తెలియనిది తెలిసినట్టు రాయడమే తప్పు. నీ వ్యాసంలో "దేశంలోకెల్లా చిన్నది" అన్న మాట కూడా కొట్టెయ్యి. క్వేకర్ అనే మరో బుల్లి సీతాకోకచిలుక గురించీ అదే అంటారు. "చాలా చిన్నవాటిలో ఒకటి" అంటే చాలు.

మళ్ళీ రాసేటప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని రెండు చెయ్యి. నీలిదాన్ని పెసరపూత మీదికి పంపు, మట్టిరంగుదాన్ని గట్టు కింద నేలకు దించు. నువ్వు వాడిన "అద్భుతం" అన్న మాట తీసేసి, ఆ స్థానంలో చుక్కలు ఎన్ని ఉన్నాయో రాయి. ప్రతితోపాటు బిళ్ళ పెట్టిన ఫోటో కూడా పంపు.

ఆశీస్సులతో