ఒక శాస్త్రవేత్త రోజువారీ ఉత్తరాలను చదవబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

అణ్వస్త్ర పరీక్షలను ఆపించడానికి అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ ఏళ్ల తరబడి సాగించిన ఉత్తర ప్రత్యుత్తరాల ఆధారంగా తెలుగులో ఒక పుస్తకం రాయాలనుకుంటున్నావనీ, కాగితాల రాశిని చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. పాత దస్త్రాల మధ్య ఉద్యోగం చేసి విరమించిన దాన్ని కనుక, ఆ పని ఎలా చేయాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఆయన గొప్పవాడా కాదా అన్న చర్చలోకి ఈ ఉత్తరంలో వెళ్లను.

పౌలింగ్ దంపతుల కాగితాలు 1986 నుంచి ఒరెగాన్ రాష్ట్రంలోని కార్వాలిస్‌లో, ఆయన డిగ్రీ చదువుకున్న విద్యాసంస్థలోనే ఉన్నాయి. నాటి వ్యవసాయ కళాశాలే నేటి ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ. పరిశోధన నోటు పుస్తకాలే 46 ఉండగా, మొత్తం కాగితాలు 5 లక్షలకు పైబడి ఉన్నాయి. ఇంత రాశిని చూసినవారు ఎవరైనా ముందుగా ఐన్‌స్టీన్, రస్సెల్, ష్వైట్జర్, కెనెడీ వంటి పేర్లున్న ఫైళ్లను తెరుస్తారు. నువ్వు ఆ పని చేయకు. ఆ ఉత్తరాలు ఇప్పటికే పలువురి చేతుల్లో నలిగాయి. పైగా వాటిని విడిగా చదివితే ఉద్యమమంటే పదిమంది మహనీయులు పరస్పరం రాసుకున్న ఉత్తరాలే అన్న భ్రమ కలుగుతుంది. అందుకు బదులు ఒక కాలాన్ని ఎంచుకుని, అందులోని ప్రతి రోజు టపానూ, వచ్చినదీ వెళ్లినదీ కలిపి, వరుసగా చదువు. ఆ కాలం 1957 మే 15న మొదలై 1963 అక్టోబరు 10న ముగియాలని నా అభిప్రాయం. మొదటిది ఆయన సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ప్రసంగించిన రోజు; అక్కడే జీవశాస్త్రవేత్త బారీ కామనర్, భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్‌లతో కలిసి, అణ్వస్త్ర పరీక్షలను ఆపమని కోరే శాస్త్రవేత్తల విజ్ఞప్తికి రూపం ఇచ్చాడు. రెండవది, భూగర్భ పరీక్షలను మినహాయించి మిగిలిన అణ్వస్త్ర పరీక్షలను నిషేధించిన పాక్షిక పరీక్షా నిషేధ ఒప్పందం అమలులోకి వచ్చిన రోజు. 1962వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ఆయనకు ప్రకటించినదీ ఆ రోజే.

రోజును ఒక ప్రమాణంగా పెట్టుకుని చదవమనడానికి కారణం ఉంది. 1958 వరకు ఆయన కాల్టెక్ (కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) రసాయన శాస్త్ర విభాగానికి అధిపతి. ఆ కాలంలోనే మానసిక వ్యాధులకు రసాయన మూలాలు ఏమైనా ఉన్నాయా అన్న పరిశోధన కూడా నడుస్తోంది. కాబట్టి పరిశోధన నిధుల ఉత్తరం, విద్యార్థికి సిఫారసు, ఉపన్యాస ఆహ్వానం, విజ్ఞప్తి మీద విదేశం నుంచి వచ్చిన సంతకం, ఆయనను దేశద్రోహి అని తిట్టిన ఆకాశరామన్న ఉత్తరం ఒకే ఉదయం ఒకే బల్ల మీదికి చేరగలవు. ఉద్యమ ఫైలును మాత్రమే విడదీసి చదివేవారికి, ఆ పని ఏ పనుల మధ్య ఇరుక్కుని సాగిందో, దేన్ని వెనక్కి నెట్టి సాగిందో ఎన్నటికీ తెలియదు. ఏ ఉత్తరానికి అదే రోజు జవాబు వెళ్లింది, దేనికి నెల పట్టింది, దేనికి అసలు వెళ్లలేదు అన్న మూడు సంగతులను ప్రతి ఉత్తరం పక్కన రాసుకుంటూ పో. ఆయన తన ప్రాధాన్యాల గురించి ఎక్కడో చెప్పుకున్న మాటల కన్నా ఈ పట్టిక నమ్మదగినది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం విజ్ఞప్తి ఉత్తరాలకు కేటాయించు. సెయింట్ లూయిస్ నుంచి ప్రతులు తపాలాలో బయలుదేరిన కొద్ది వారాలకే దాదాపు 2000 మంది అమెరికన్ శాస్త్రవేత్తలు సంతకం చేశారు. 1957 జూన్ మొదటి వారంలో ఆ సంగతి లోకానికి వెల్లడైంది. ఆ తర్వాత ఇతర దేశాల నుంచి సంతకాలు రావడం మొదలైంది. 1958 జనవరిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్‌కు అందజేసేనాటికి 9,235 సంతకాలున్నాయి. చివరికి 49 దేశాల నుంచి 11,021కి చేరాయి. ఈ అంకెలు ప్రతి వ్యాసంలోనూ కనబడతాయి, నీ పుస్తకంలోనూ ఉంటాయి. అయితే అవి ఎలా పెరిగాయన్నది మాత్రం ఉత్తరాలలోనే దొరుకుతుంది. ఒక కవరులో ఒకే సంతకం వచ్చిందా, ఒక ప్రయోగశాల మొత్తం సంతకాలు చేసిన కాగితం వచ్చిందా? సంతకంతో పాటు ఏదైనా షరతు రాశారా? సంతకం చేయనని చెబుతూ కారణాలు వివరించినవారు ఉన్నారా? ఒకవేళ నిరాకరించినవారి ఉత్తరాలు దొరికితే వాటిని ముందుగా చదువు. అంగీకరించినవాడు పేరు రాసి ఊరుకుంటాడు, నిరాకరించినవాడు రెండు పేజీలు రాస్తాడు. ఆనాటి శాస్త్రవేత్తలను ఏ సందేహాలు పట్టి ఆపాయో ఆ రెండు పేజీలే చెబుతాయి.

మామూలు ఉత్తరాల మీద ఇంత పట్టుబట్టడానికి నాకున్న అసలు కారణం 1960లో జరిగిన సంగతి. ఆ ఏడాది జూన్ 21న అమెరికా సెనేట్ అంతరంగిక భద్రతా ఉపసంఘం పౌలింగ్‌ను పిలిపించింది. పెద్ద సంస్థ, పెద్ద పెట్టుబడి లేకుండా ఇన్ని వేల సంతకాలు ఎలా సాధ్యమన్నది ఉపసంఘాన్ని నడిపిన సెనేటర్ థామస్ డాడ్ అనుమానం. వెనుక కమ్యూనిస్టుల హస్తం ఉండాలన్నది ఆ అనుమానంలోని సూచన. సంతకాలు సేకరించి పంపినవారి పేర్లు ఇవ్వమని అడిగారు. పేర్లు బయటపెడితే ఆ యువ శాస్త్రవేత్తల ఉద్యోగాలకు ముప్పు వస్తుందనీ, తనను కాపాడుకోవడానికి వారిని బలిపెట్టలేననీ ఆయన నిరాకరించాడు. ధిక్కార నేరం మోపి జైలుకు పంపే అధికారం ఆ సభకు ఉందని తెలిసే ఆ మాట అన్నాడు. అక్టోబరు 11న మళ్లీ పిలిచారు, మళ్లీ నిరాకరించాడు. చివరికి ఆ నేరం మోపలేదు. ఈ ఘట్టంలోని నాటకీయతకు లొంగిపోకుండా, డాడ్ ప్రశ్నను నువ్వు ప్రశ్నగానే తీసుకో. ఒక మనిషి, ఆయన భార్య, కొద్దిమంది సహాయకులు, తపాలా బిళ్లలు, ప్రతులు తీసే యంత్రం — వీటితో పదకొండు వేల సంతకాలు సాధ్యమేనా? ఒక్కొక్క రోజు టపాను లెక్క కడితే జవాబు దానంతటదే వస్తుంది. ఆ లెక్క తెలుగులో ఎవరైనా చూపగా నేను చదవలేదు. నీ పుస్తకానికి అదే వెన్నెముక కావాలి.

దీనికి అనుబంధంగా ఒక బాధ్యత కూడా నీ మీద పడుతుంది. ఆయన జైలుకు సిద్ధపడి దాచిన పేర్లలో కొన్ని నేడు ఫైళ్లలో నీ కంటపడవచ్చు. వారిలో చాలామంది లోకానికి తెలిసినవారు కాదు. తమ ఉత్తరం ఏనాటికైనా అచ్చవుతుందని ఊహించి రాసినవారూ కాదు. అలాంటివారిని ఉటంకించవలసి వచ్చినప్పుడు ‘ఒక జీవశాస్త్ర అధ్యాపకుడు’, ‘యూరప్‌లోని ఒక భౌతిక శాస్త్ర విద్యార్థిని’ అని రాస్తే పాఠకుడికి లోటేమీ ఉండదు. ప్రజా జీవితంలో ఉన్నవారి పేర్లు మాత్రం దాచవలసిన పని లేదు. తిట్టు ఉత్తరాల విషయంలో ఒకటి రెండు నమూనాలు చాలు. పుటల కొద్దీ ఎక్కిస్తే అది పాఠకుడి సానుభూతిని కొనడమే అవుతుంది.

ఇక తేదీల సంగతి. అమెరికన్లు నెలను ముందు, రోజును తర్వాత రాస్తారు. 6/3/57 అని కనబడితే అది జూన్ 3. మన అలవాటు చొప్పున మార్చి 6 అని రాసుకుంటే విజ్ఞప్తి పుట్టక ముందే దాని మీద సంతకాలు వచ్చినట్లవుతుంది. అదే బొత్తిలో యూరప్ నుంచి వచ్చిన ఉత్తరాలు మన పద్ధతిలోనే ఉంటాయి కాబట్టి, నెల పేరును అక్షరాలలో రాసుకోవడం క్షేమం. ప్రతి ఉత్తరానికీ రాసిన తేదీ, అందిన తేదీ, జవాబు తేదీ అని మూడు గళ్లు పెట్టుకో. ఈ తేడాలు ఎంత ముఖ్యమో 1955 నాటి ఒక సంఘటన చెబుతుంది. అణ్వస్త్రాల ప్రమాదం గురించి హెచ్చరిస్తూ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ తయారుచేసిన ప్రకటన మీద ఐన్‌స్టీన్ ఏప్రిల్ 11న సంతకం చేసి పంపాడు. ఏప్రిల్ 18న రోమ్ నుంచి పారిస్‌కు వెళుతున్న విమానంలో రస్సెల్‌కు ఐన్‌స్టీన్ మరణవార్త తెలిసింది. ఆయన సంతకం లేనిదే ప్రకటనకు బలం ఉండదని దిగాలు పడిన రస్సెల్‌కు పారిస్ హోటల్లో ఆ ఉత్తరం ఎదురుచూస్తూ కనిపించింది. ఉత్తరం మీది తేదీ ఒక్కటే చూసి రాసేవాడికి ఆ ఏడు రోజుల సంగతి అందదు. ఆ ప్రకటన మీద సంతకం చేసిన పదకొండు మందిలో పౌలింగ్ కూడా ఒకడు కనుక ఈ ఘట్టం నీ పుస్తకంలో ఎలాగూ వస్తుంది.

ప్రభుత్వాధినేతలకు వెళ్లిన ఉత్తరాలను జంటలుగా చదువు. 1961 అక్టోబరులో సోవియట్ ప్రభుత్వం భారీ బాంబును పేల్చబోతున్నదని తెలిసినప్పుడు ఆయన క్రుశ్చేవ్‌కు అభ్యంతరం తెలుపుతూ రాశాడు. 1962 మార్చి 1న, వాతావరణంలో పరీక్షలు మళ్లీ మొదలుపెట్టవద్దంటూ కెనెడీకి తంతి పంపాడు. ఈ రెండవ దానిలో, పరీక్షలకు ఆదేశమిస్తే చరిత్రలో అత్యంత అనైతికులైన వ్యక్తుల్లో ఒకరిగా మిగులుతారన్నంత పరుషమైన ప్రశ్న ఉంది. ఆయనను అభిమానించేవారూ ద్వేషించేవారూ కూడా మొదటిది లేనట్టుగా రెండవదాన్నే ఎత్తిచూపుతుంటారు. నా మటుకు నాకు ఆ తంతి భాష మితిమీరిందనే అనిపిస్తుంది. ఒప్పించవలసిన మనిషిని ముందే ముద్దాయిని చేసింది. అయినా మరుసటి నెలలోనే శ్వేతసౌధం బయట ప్లకార్డు పట్టుకుని నడిచి, ఏప్రిల్ 29 సాయంత్రం నోబెల్ గ్రహీతలకు కెనెడీ ఇచ్చిన విందుకు భార్యతో పాటు లోపలికి వెళ్లాడు. ఈ రెండూ ఒకే మనిషి పనులని చూపించాలంటే ఆ రెండు నెలల టపానూ దాటవేయకుండా చదవాలి.

విజ్ఞాన శాస్త్రానికి సంబంధించిన అంకెలు వచ్చినచోట మరింత నిదానించు. అణు పేలుళ్ల వల్ల గాలిలో కలిసే స్ట్రాంషియం-90, కార్బన్-14 అనే రేడియోధార్మిక పదార్థాల వల్ల పుట్టబోయే తరాలకు ఎంత హాని జరుగుతుందో ఆయన ఉత్తరాలలో లెక్కలు కట్టాడు. కార్బన్-14 సగం కావడానికి దాదాపు 5,730 ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ లెక్కలు వేల ఏళ్ల మీదికి సాగుతాయి. రేడియేషన్ మోతాదు ఎంత తక్కువైనా దానికి తగ్గ హాని ఉంటుందన్న ఊహ వాటికి పునాది. హైడ్రోజన్ బాంబు రూపకర్తల్లో ఒకడైన భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ వంటివారు ఆ ఊహనే ప్రశ్నించారు. 1958 ఫిబ్రవరి 20న పౌలింగ్, టెల్లర్ టెలివిజన్‌లో ముఖాముఖి వాదించుకున్నారు. అంత స్వల్ప మోతాదుల వద్ద హానిని నేరుగా కొలవడం నేటికీ కష్టమే. కాబట్టి ‘ఇంతమంది పిల్లలు బలయ్యారు’ అని నిర్ధారణగా రాయక, ‘ఈ ఊహ మీద పౌలింగ్ ఇంత అని లెక్క కట్టాడు’ అని రాయి. ఆ అధ్యాయాన్ని అచ్చుకు ముందు రేడియేషన్ జీవశాస్త్రం తెలిసినవారెవరికైనా చూపించు.

ఫైలులో లేనిదాన్ని గురించి కూడా నాలుగు మాటలు. భార్య ఈవా హెలెన్‌తో ఇంట్లో జరిగిన సంభాషణకు కార్బన్ కాపీ ఉండదు. ఆయనను ఈ బాటకు మళ్లించినది ఆమేనని పౌలింగే పలుమార్లు చెప్పుకున్నాడు; 1961లో అణ్వస్త్రాల వ్యాప్తికి వ్యతిరేకంగా ఓస్లోలో జరిగిన సమావేశాన్ని ఇద్దరూ కలిసే ఏర్పాటు చేశారు. మహిళా శాంతి సంఘాలతో ఆమె జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు అదే సేకరణలో విడిగా ఉన్నాయి. ఆయన టపా చదివిన ప్రతి వారానికీ ఆమె టపా పక్కన పెట్టి చదవకపోతే నీ పుస్తకం సగమే అవుతుంది. ఇద్దరూ కలిసి ప్రయాణంలో ఉన్నప్పుడు వారి మధ్య ఉత్తరాలుండవు, కాలిఫోర్నియా తీరంలో బిగ్ సర్ దగ్గరి వారి పొలంలోని ఇంటికి టెలిఫోను కూడా లేదు. శాంతి బహుమతి వార్త సైతం అటవీ శాఖ ఉద్యోగి వచ్చి పిలిస్తే, అతని కార్యాలయానికి వెళ్లి, కూతురి నోట ఫోనులో విన్నారు. అందువల్ల ఖాళీగా కనిపించిన వారాన్ని తీరికైన వారమని రాసేయకుండా, వారు అప్పుడు ఎక్కడున్నారో ముందు తేల్చుకో.

మన పాఠకులు భారతదేశం పాత్ర ఎంత అని తప్పక అడుగుతారు. పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో 1954 మార్చి 1న జరిగిన అమెరికా హైడ్రోజన్ బాంబు పేలుడు తర్వాత, ఏప్రిల్ 2న పార్లమెంటులో పరీక్షలను నిలిపివేసే ఒప్పందాన్ని ప్రతిపాదించినది నెహ్రూ. అణ్వస్త్రాల ప్రమాదంపై శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశాన్ని ఢిల్లీలో జరపాలన్న ఆలోచన కూడా నడిచింది. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చి అది సాగక, 1957 జూలైలో కెనడాలోని పగ్వాష్‌లో జరిగింది. ఈ రెండు సంగతులూ వాటి స్థానంలో చెప్పు, చాలు. విజ్ఞప్తి మీద సంతకాలు చేసినవారిలో మన దేశీయులను వెతికి, వారి చుట్టూ కథ అల్లి, పుస్తకాన్ని ఇటువైపు లాగడానికి ప్రయత్నించకు.

ఇప్పుడే అధ్యాయాలు రాయడం మొదలుపెట్టకు. 1957 మే నుంచి సెప్టెంబరు వరకు పట్టిక పూర్తిచేసి, వచ్చినవీ వెళ్లినవీ వేరువేరు రంగుల్లో గుర్తుపెట్టి, నాకు ఒక నకలు పంపు. అది చూశాక, 1960 నాటి సెనేట్ విచారణ వాంగ్మూలాన్ని దానితో ఎలా సరిపోల్చుకోవాలో మరో ఉత్తరంలో వివరంగా రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య