గుండె మార్పిడి తర్వాత దగ్గు, కొద్దిపాటి జ్వరం: ఊళ్లో డాక్టరు రాసిన యాంటీబయాటిక్ వేయొచ్చా?

మీ నాన్నగారికి గుండె మార్పిడి జరిగి రెండు నెలలైందని, పొడి దగ్గు, 99.5 జ్వరం ఉన్నాయని, దగ్గర్లోని డాక్టరు క్లారిత్రోమైసిన్ రాశారని చెప్పారు. వేయకండి. ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేయండి, రేపటిదాకా ఆగొద్దు. నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో గుండె మార్పిడి అయిన మా తమ్ముణ్ణి దగ్గరుండి చూసుకున్నాను, అంతే.

క్లారిత్రోమైసిన్ చెడ్డ మందేమీ కాదు. కానీ కొత్త గుండెను ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ (టాక్రో) వాడేవాళ్లు దాన్ని వేసుకుంటే రక్తంలో టాక్రో లెవెల్ బాగా పెరిగిపోతుంది. చేతులు వణుకుతాయి, కిడ్నీల మీద పడుతుంది. టీబీకిచ్చే రిఫాంపిసిన్‌తో ఇదే తిరగబడుతుంది: లెవెల్ పడిపోయి, ఒళ్లు కొత్త గుండెను తిప్పికొట్టే ప్రమాదం వస్తుంది. పాపం, రోజూ జలుబూ జ్వరాలూ చూసే డాక్టరుకి ఇవన్నీ గుర్తుండకపోవచ్చు.

ఇక 99.5 అంటారా, స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు థర్మామీటర్‌ని నమ్మలేం. మా తమ్ముడికి జ్వరం 100 దాటనే లేదు. మెట్లెక్కితే మాత్రం ఆయాసం, ఆక్సిజన్ 91కి దిగేది. ఎక్స్‌రే దాదాపు బాగానే ఉందన్నారు, సీటీలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. బ్రాంకోస్కోపీ చేసి, అంటే ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం వేసి, లోపలి నీరు పరీక్షకి పంపితే న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ న్యూమోనియా అని తేలింది. అది రాకుండా ఇచ్చే సెప్ట్రాన్‌ను తెల్లకణాలు తగ్గాయని కొన్నాళ్లు ఆపారు, ఆ సందులో పట్టుకుంది. చివరికి అదే సెప్ట్రాన్ పెద్ద డోసులో మూడు వారాలు ఇచ్చారు.

మార్పిడయ్యాక మొదటి నెలలో వచ్చే ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వెంటిలేటర్, ఐసీయూల్లో అంటుకునే బ్యాక్టీరియా. మీ నాన్నగారు ఇప్పుడున్న దశలో సీఎంవీ వైరస్, ఆస్పర్‌జిల్లస్ ఫంగస్, న్యూమోసిస్టిస్ లాంటివి కూడా రావచ్చు. ఒక్కోదానికి ఒక్కో మందు. అందుకే ఏదో ఒక యాంటీబయాటిక్ వేసి చూద్దామంటే విలువైన రోజులు పోతాయి. 1967లో కేప్‌టౌన్‌లో డాక్టర్ బర్నార్డ్ ప్రపంచంలోనే మొదటిసారి గుండె మార్చిన వాష్‌కాన్స్కీ 18 రోజులే బతికారు. ఆయన ప్రాణం తీసింది న్యూమోనియానే.

నాడి 95, 100 ఉందని మాత్రం టెన్షన్ పడకండి. కొత్త గుండెకి నరాలు తెగి ఉంటాయి కాబట్టి ఊరికే కూర్చున్నా అది కాస్త వేగంగానే కొట్టుకుంటుంది.

ఫంగస్ భయం ఉంది కాబట్టి ఇంట్లో రిపేర్ల దుమ్ము, పావురాల రెట్ట, కుండీల మట్టి ఆయన దరిదాపుల్లో లేకుండా చూడండి. ఊపిరి కసరత్తుకిచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ మానేసి ఉంటే, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లనే అడగండి.

ఫోన్ చేసినప్పుడు జ్వరం, నడవకముందు, నడిచాక ఆక్సిజన్ ఎంతుందో, చివరి టాక్రో లెవెల్, సెప్ట్రాన్, సీఎంవీకిచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ వాడుతున్నారో ఆపారో చెప్పండి. క్లారిత్రోమైసిన్ ఇప్పటికే ఒక డోసు పడి ఉంటే అదీ చెప్పాలి. ఆక్సిజన్ 93 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసపడుతున్నా ఫోన్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, మందుల ఫైలు వెంట ఉండాలి.